అనుపు నాటి చద్దన్నం

ఈ సంగతి జరిగి ఆరేడేళ్ళవుతోంది. అప్పుడే రాయాల్సింది. కానీ అప్పటికి నాలుగు వాక్యాలు కూడబలుక్కుని రాసేసరికే నా వేళ్ళు పట్టేసేవి. గరివిడిలో మా వీధిలో పెట్టిన పెద్దల బడికి వెళ్ళి నేను అక్షరాలు దిద్దింది నలభై ఎనిమిదో ఏట. చెయ్యి తిరిగాక కూడా ఇది ఎత్తుకుంటే ముందు కోపం వచ్చేది, కాగితం చింపేసేదాన్ని. ఇప్పటికీ పూర్తిగా తగ్గిందని చెప్పను.

మా కన్నవారి ఊరికి శ్రీకాకుళం దాటి వెళ్ళాలి. అక్కడ అమ్మవారి పెద్దపండగ పన్నెండేళ్ళకోసారి, నడివేసవిలో మూడు రోజులు చేస్తారు. మా అన్న తప్పెటగుళ్ళ జట్టులో ఉన్నాడు. గుండెకి రేకు గుల్ల కట్టుకుని, దాన్ని రెండు చేతులా వాయిస్తూ, కాళ్ళ గజ్జెలతో ఎగిరే ఆట అది. చివర్లో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు. కిందటి పండగకి మా అత్తగారు మంచంలో ఉండడంతో వెళ్ళలేకపోయాను. ఈసారి అన్న తనే ఫోన్ చేశాడు.

"అమ్మీ, నాకు అరవై దాటినాయి. మోకాళ్ళు పట్టేస్తన్నాయి. ఇదే ఆకరి ఎగరడం. వొచ్చి సూడు."

నేను బయలుదేరింది అందుకే. పెట్టే చీర కోసం కాదు, మాంసం కూర కోసం అసలే కాదు.

మా ఆయనా నేనూ చీపురుపల్లిలో బస్సు మారాం. వేసవిలో ఆ బస్సులెక్కేవాళ్ళంతా ఏదో ఒక ఊరి పండగకి వెళ్ళేవాళ్ళే. పక్కామె కోడి నా ఒళ్ళో, ఎవరిదో మామిడిపళ్ళ బుట్ట మా ఆయన ఒళ్ళో. శ్రీకాకుళంలో ఆటో ఎక్కేసరికి నా కొత్త చీర మీద కోడి తన పని కానిచ్చేసింది. దానికీ నేనేమీ అనుకోలేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే వదిన నా చేతికి గరిటె ఇచ్చింది.

"నాను ఘటం ఎత్తాల. మొక్కుంది. మూడు రోజులూ నీసు ముట్టకూడదు. వంట నువ్వే సూసుకోవాల."

ఘటమంటే అమ్మవారి పేర పసుపు రాసిన కుండ మీద దీపం పెట్టి నెత్తిన మోయడం. ఆ మొక్కు మొక్కి ఏడాదైందట. ఏడాదిలో ఒక్కసారి ఫోనులో చెప్పడానికి ఆవిడకి కుదరలేదు. పండగకి పిలిచిన ఆడపడుచుని పీట వేసి కూర్చోబెడతారు కదా, నాకు వేసిన పీట పొయ్యి ముందుంది.

"ఇంకెవులూ నేరా, వొదినా?"

"ఉన్నారు. అందరూ తినడానికొచ్చినోలే."

రెండో రోజే అసలు సంబరం. సాయంత్రం నాలుగింటికి గుడి ముందు తప్పెటగుళ్ళన్నారు. మూడింటికల్లా పొయ్యి ఆర్పేద్దామనుకున్నాను. బంతి వెనక బంతి లేస్తూనే ఉంది. అన్న కూతురి మామగారు పదకొండింటికే తిన్నాడు. మూడున్నరకి ముగ్గురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు.

"ఏటి మరదలా, మొగం అలాగెట్టినావు? కూరలో ఉప్పు తక్కువైందని నానేటైనా అన్నానా?"

"బావా, పొద్దున్న తినేసినావు కదా."

"అది పొద్దుటి ఆకలి. ఇది ఏరే."

అన్నం అయిపోయింది. మళ్ళీ ఎసరు పెట్టాను. అది మరుగుతుండగా గుల్లల చప్పుడు మొదలైంది. గుడి నాలుగిళ్ళ అవతలే. వంటింటి గోడ పక్కన నిలబడితే గజ్జెలు కూడా వినిపించాయి. కాసేపటికి జనం ఒక్కసారిగా గోల పెట్టారు. అన్న భుజాల మీదకి ఎవరో ఎక్కారన్నమాట. అప్పుడు నేను గంజి వారుస్తున్నాను.

మా ఆయన ఎండకి కందిపోయిన మొహంతో వచ్చి కూర్చున్నాడు. "ఏటే, నువ్వు రానేదు? మీ అన్న ముగ్గుర్ని మోసీసినాడు. సూడాల్సిందే అది. కాస్త కూరెయ్యి."

వేశాను. తింటూ మొదటినించీ చివరిదాకా చెప్పాడు. ఎవరు ఎటు వంగారో ఎంగిలి చేత్తోనే చూపించాడు. ఉతికి కట్టుకున్న నా చీర మీద కోడి వదిలేసిన చోట కూర చిందింది.

పొద్దుగూకేవేళకి అన్న వచ్చాడు. ఒళ్ళంతా చెమటా, పసుపూ. గుల్ల విప్పుతూ, "సూసినావా అమ్మీ?" అన్నాడు.

అన్న నా చేతిలో గరిటె చూశాడు, నా వెనక డేగిసా చూశాడు. "రేపు అనుపు కదా," అన్నాడు. "పొద్దున్నే పొలిమేర కాడ ఇంకోపాలి ఎగురుతాం. మోకాళ్ళు నిలబడితే."

అనుపంటే అమ్మవారిని సాగనంపడం. అదయ్యాక మళ్ళీ పన్నెండేళ్ళు.

తెల్లారుతూనే అరుగు మీంచి అన్న వియ్యంకుడు, "మరదలా, టీ," అని కేకేశాడు. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి చల్లారిన బొగ్గు ముక్క తీసుకున్నాను. వంటింటి తలుపు మీద రాశాను. 'చద్దన్నం కుండలో ఉంది. ఉల్లిపాయలు బుట్టలో ఉన్నాయి. పెట్టుకు తినండి. నేను అన్న ఎగరడం చూడ్డానికి వెళ్ళాను.' వరసలు వంకరగా వచ్చాయి. దిద్దుతూ కూర్చునే తీరిక లేదు. తలుపు దగ్గరగా వేసి, పొలిమేరకి నడిచి, అందరికంటే ముందు కూర్చున్నాను.

ఆ పూట అన్న భుజాల మీదకి ముగ్గురు ఎక్కలేదు, ఒక్కడే ఎక్కాడు. అన్న మోకాళ్ళు వణుకుతున్నాయి. పైవాడు ఇంకా దిగకముందే మా ఆయన జనాన్ని తోసుకుంటూ వచ్చి నా భుజం తట్టాడు.

"ఏటే, పొయ్యి ఎలిగించనేదు? తినడానికేటుంది?"

"తలుపు మీద రాసినాను. ఎల్లి సదువుకో," అని మళ్ళీ అన్న వైపు తిరిగాను.