మామ్మ గుర్రానికి ముగ్గురు వైద్యులు

పాఠక మహాశయులకు సాష్టాంగ నమస్కారం చేసి, ముందుగానే క్షమాపణ వేడుకుంటున్నాను. స్మృతి వ్యాసం అన్నాక పోయినవారి పాండిత్యం, దానధర్మాలు, వారు లేని లోటు ఎవరూ తీర్చలేరన్న మాట ఉండాలని నాకు తెలుసు. ఇందులో అవేవీ లేవు. సగానికి పైగా చోటు ఒక గుర్రం ఆక్రమించుకుంది. మిగిలినదాంట్లో ఉప్పు లేని పప్పు ఉంది. నేరం నాదే, శిక్షకు సిద్ధం. కానీ మామ్మ గురించి ఇంకోలా రాయడం నాకు చేతకాదు.

పోయిన ఆదివారం మద్దిలపాలెం బస్సు డిపో ఎదురుగా, కిళ్లీ కొట్టు దగ్గర, నా పాత రూమ్మేటు కనిపించాడు. మామూలుగా ఫర్లాంగు దూరం నుంచే "ఏటి బావా!" అని అరిచే మనిషి, ఆ రోజు దగ్గరికొచ్చి ఊరికే నిలబడ్డాడు.

"మామ్మ ఎల్లిపోనాది బావా. మొన్న మజ్జానం అన్నం తినీసి పడుకుందట. మరి నెగనేదు."

ఏదో ఒక వేళాకోళం ఆడడం నా అలవాటు. ఆ పూట మాత్రం కొట్టువాణ్ని రెండు సోడాలు అడిగాను. తాగి విడిపోయాం.

మామ్మ నాకు బంధువు కాదు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో వైజాగులో అద్దె గది దొరకడం గగనమైపోయింది. అప్పుడు కంచరపాలెంలో తన పెంకుటింట్లో గది ఇచ్చి, రెండు పూటలా అన్నం పెట్టిన మనిషి. ఆవిడ భర్త స్టేషను దగ్గర జట్కా తోలేవాడట. ఆయన పోయాక, గుర్రాన్నీ బండినీ అమ్మెయ్యమని వీధి వీధంతా సలహా ఇచ్చింది. మామ్మ అందరికీ సరే, సరే అని తల ఊపి, మర్నాడు తనే పగ్గాలు పట్టుకుని కూరలకి పూర్ణా మార్కెట్టుకి బయల్దేరింది. గుర్రం పేరు అప్పన్న. బూడిద రంగు, నిదానస్తుడు. తోటకూర కట్ట కనిపిస్తే అది ఎవరిదని అడిగే అలవాటు లేదు.

ముగ్గురం అద్దెకుండేవాళ్లం. ఒకడు పైన చెప్పిన రూమ్మేటు, స్టీలు ప్లాంటులో ట్రైనీ ఇంజనీరు. లోకంలో ఏ సమస్యకైనా ఒక కప్పీ, ఒక మోకు ఉంటే చాలని అతని నమ్మకం. మేం స్టీలు బావ అనేవాళ్లం. రెండో ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చిన పోర్టు గుమాస్తా. హోమియో వైద్యం మీద ఒక లావుపాటి పుస్తకం చదివి, ఆ తరవాత ఇంకేమీ చదవనక్కర్లేదని నిర్ణయించుకున్నారు. ఆయన్ని గురువుగారు అనేవాళ్లం. మూడో మేధావిని నేను. లా చదువు సగంలో ఉంది కాబట్టి తెలివి మీద నమ్మకం పూర్తిగా ఉండేది.

ముగ్గురికీ తెలియని విషయం లేదు. దీన్ని కాచుకోవడానికి మామ్మ ఇంట్లో ఒకే ఒక చట్టం పెట్టింది: సలహా చెప్పినవాడే ఆ పని చెయ్యాలి. పులుసులో చింతపండు వేన్నీళ్లలో నానబెట్టాలని గురువుగారు ఒకసారి సెలవిచ్చారు. మర్నాడు పొద్దున్నే గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. "సెప్పినోడే సెయ్యాల బాబూ." అప్పట్నుంచి భోజనాల దగ్గర మౌనం పాటించేవాళ్లం.

ఆ వానాకాలం నీళ్ల గొట్టాల కోసం రోడ్డు తవ్వి, పూడ్చకుండా వదిలేశారు. మార్కెట్టు నుంచి వస్తుంటే వాన నీటి కింద గొయ్యి కనబడలేదు. అప్పన్న ముందుకాలు అందులో దిగబడింది, బండి ఒరిగింది. మేం పరిగెత్తుకెళ్లేసరికి మామ్మ బురదలో కూర్చుని, అప్పన్న తలని కొంగుతో తుడుస్తోంది. చుట్టూ వంకాయలు తేలుతున్నాయి.

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. "ఎముక విరగలేదు గానీ నరం బాగా దెబ్బతింది. మూడు కాళ్ల మీద ఎన్నాళ్లు నిలబడతాడు? బరువంతా మంచి కాలి మీద పడి అదీ పాడవుతుంది. పడుకుండిపోతే మరి లేవడు. రెండు వారాలాగి మంగళవారం వస్తాను. అప్పటికి ఈ కాలు కింద ఆనిస్తే సరే. లేకపోతే సూది వేసెయ్యడమే మేలమ్మా."

ఇంటి చట్టం మర్చిపోయి ముగ్గురం ఒకేసారి మొదలుపెట్టాం.

"పొట్ట కింద పట్టా కట్టి, దూలానికి కప్పీ తగిలించి లేపి ఉంచాల మామ్మా. సింపులు," అన్నాడు స్టీలు బావ.

"లోపలి నుంచి వైద్యం జరగాలండీ. పూటకి నాలుగు గుళికలు," అన్నారు గురువుగారు.

"గొయ్యి తవ్వినవాళ్ల మీద దావా వెయ్యాలి," అన్నాను నేను.

మామ్మ ముగ్గురి వైపూ ఎంతో భక్తిగా చూసింది. "సదువుకున్నోళ్లు. నాకేటి తెలుసు? అయితే సెయ్యండి." తరవాత నా వైపు తిరిగింది. "నువ్వు కోర్టుకెల్లి, వొచ్చినప్పుడు గడ్డి మోపు అట్టుకురా."

గురువుగారు పోర్టు నుంచి పాత కాన్వాసు పట్టా సంపాదించారు. స్టీలు బావ ఒక కాగితం నిండా లెక్కలు వేసి, పెరటి వసారా దూలానికి కప్పీ బిగించి లాగాడు. గుర్రం అంగుళం లేవలేదు గానీ దూలం వంగింది. పెంకు ఒకటి జారి సరిగ్గా ములక్కాడల సాంబారులో పడింది. చివరికి పెరట్లో సరుగుడు గుంజలు పాతి, పట్టాని వాటికి కట్టారు. అప్పన్న అలిసిపోతే పొట్ట ఆనించుకోవచ్చు. దారిన పోతూ తొంగిచూసిన డాక్టరు "ఇది మాత్రం పనికొస్తుంది" అన్నాడు. ఆ ముక్కతో స్టీలు బావ ఎంత పొంగిపోయాడంటే, పాపం, గుంజలకి రంగు కూడా వేద్దామన్నాడు.

దావాకి ఏ ప్లీడరూ ముందుకు రాకపోవడంతో నన్ను అప్పన్న పక్కన కూర్చోబెట్టింది మామ్మ. "ఈగల్ని తోలు. నీ కేసేటో ఆడికి సెప్పు. ఆడు ఎదురు సెప్పడు." అలా నా మొదటి వాదనలు గుర్రం చెవిలోనే వినిపించాను. ఎదురు చెప్పకపోయినా ఆవలించేవాడు.

ఈ హడావుడిలోనే వంట పాడైంది. ఒకనాడు పప్పులో ఉప్పు లేదు. గురువుగారు ఉండబట్టలేక, పప్పు ఉడికాక గానీ ఉప్పు వెయ్యకూడదనీ, అసలు వెయ్యకపోవడం మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదనీ అన్నారు. "అవును బాబూ. రేపు మీరే సెయ్యండి." మర్నాడు అన్నం మాడింది. గంజి వార్చడంలో ఒక కోణం ఉంటుందని స్టీలు బావ వివరించాడు. "అలాగా నాయనా! రేపు నువ్వు వార్చు." వారం తిరక్కుండా ఆ ఇంట్లో వంటంతా ఇద్దరు మగాళ్లే చేస్తున్నారు. ఎవరి వంట గొప్పదో అని పోటీ కూడా పడుతున్నారు. గుర్రం బెంగతో మామ్మకి మతి చెదిరిందని ముగ్గురం జాలిపడ్డాం.

ఒక సాయంత్రం మామ్మ అప్పన్న కాలికి ఉప్పునీళ్ల కాపడం పెడుతుంటే, గాలికి తల మీది కొంగు జారింది. నెరిసిన జుట్టు విరబోసుకుని నడుం దాకా ఉంది. ఎప్పుడూ ముడి లేకుండా వాకిట్లోకి కూడా రాని మనిషి. నా నోరు ఊరుకుంటుందా?

"ఏటి మామ్మా, సినిమాలో దెయ్యం వేషం దొరికిందేటి?"

మామ్మ నవ్వలేదు. అప్పుడు చూశాను, కాపడం పెడుతున్నది ఎడం చేత్తో. కుడి చెయ్యి కొంగు కిందే ఉంది. మణికట్టు వాచిపోయి, పసుపు పట్టీ, వెదురు బద్దలు. ఆ గోతిలో పడింది అప్పన్న ఒక్కడే అనుకున్నాం మేం ముగ్గురు సర్వజ్ఞులం.

"కట్టు కట్టించుకున్నానులే. ఒరే, ఆళ్లకి సెప్పకు. సెప్తే నా సేతికీ కప్పీ కడతారు."

"మరి వంట..."

"వంట ఆళ్లే సేత్తన్నారు కదా. ఉప్పు మానెయ్యడానికి రెండు సేతులెందుకు?"

కాపడం గుడ్డ ఆవిడ చేతిలోంచి తీసుకున్నాను. మామ్మ అంది: "ఆళ్లు మంచోళ్లురా. సెయ్యి ఇరిగిందని సెప్తే కూకుని బాదపడతారు. తప్పు సేసినానంటే నెగిసి సేత్తారు." తరవాత కొంగు నెత్తి మీదికి లాక్కుంటూ మెల్లిగా, "ఈ ముడి ఒక్కటే అవట్లేదు. ఇలాగ ఈదిలోకి ఎలాగెల్తాను?"

"దానిదేముంది, మూడు పాయలు తీసి తిప్పి లోపలికి దోపెయ్యడమే," అన్నాను, నలుగురు అక్కల తమ్ముణ్ని కాబట్టి.

అన్నాక నాలిక కరుచుకున్నాను. మామ్మ కళ్లు మెరిశాయి.

"సెప్పినోడే సెయ్యాల. ముందు అప్పన్న తోక మీద సూపించు."

తోక మీద నేర్చుకున్నాను. స్టీలు బావా గురువుగారూ వంటింట్లో వాదించుకునే వేళ చూసి, పెరటి మెట్టు మీద మామ్మకి ముడి వేసేవాణ్ని. ఎడమ పక్కకి ఒరిగేది. "బాగుందిలే," అనేది, అద్దం చూసుకోకుండానే.

అప్పన్న తరవాత కొన్నేళ్లు బతికాడు. చివరిదాకా కొంచెం కుంటుతూనే మార్కెట్టుకి వెళ్లాడు. తన పట్టా వల్లేనని స్టీలు బావ నేటికీ చెబుతాడు. గుళికల మహిమని గురువుగారు దువ్వాడ దాకా ప్రచారం చేశారు. నేనూ ఏమీ తక్కువ తినలేదు. నా వాదన భరించలేకే గుర్రం లేచిందని కాలేజీలో చెప్పుకుని నవ్వించాను.

నిజం ఇదీ. మంగళవారం పొద్దున్న. డాక్టరు కోసం స్టీలు బావ వీధి గుమ్మంలో కాపలా ఉన్నాడు. గురువుగారు చారు పోపు పెడుతున్నారు. మామ్మ మెట్టు మీద అప్పన్నకి ఎదురుగా కూర్చుంది, వెనక నేను. జుట్టు మూడు పాయలు తీసి తిప్పుతుంటే, ఉన్నట్టుండి ఆవిడ తల నా చేతుల్లో రాయిలా ఆగిపోయింది.

తల మీంచి చూశాను. అప్పన్న గిట్ట కొన నేలకి తాకించి, తీసేశాడు. మళ్లీ తాకించాడు. ఈసారి తియ్యలేదు. నెమ్మదిగా గిట్టంతా ఆనించి బరువు మోపాడు. పొట్ట కింద పట్టా వదులైంది.

"పిలవనా ఆళ్లని?" అన్నాను గుసగుసగా.

"ఉండు. ఆళ్లొచ్చీసి, ఎలాగ నిలబడాలో ఆడికి సెప్తారు."

ఆవిడ ఎడం చేత్తో కొంగు మొహానికి అద్దుకుంది. మొహం నాకు కనబడలేదు, నేను చూడబోలేదు కూడా. ఆ గుర్రం లేవడంలో నేను నిజంగా చేసింది ఒక్కటే. కొబ్బరినూనె వాసనేస్తున్న ఆ నెరిసిన ముడిని, విడిపోకుండా, కదలకుండా, వీధి గుమ్మంలో డాక్టరు సైకిలు బెల్లు మోగేదాకా పట్టుకుని నిలబడ్డాను.