పసిరికలొచ్చిన ఏడు

జగిత్యాలలో నేను పనిచేసే ల్యాబుకు పొద్దున పదింటికల్లా రక్తం గొట్టాలు వచ్చి చేరతాయి. వాటిని మిషన్‌లో పెట్టి తిప్పితే ఎరుపంతా అడుక్కి దిగి, పైన గంజితేటలాంటి పల్చని నీరు నిలుస్తుంది. ఎప్పుడో ఒకసారి ఆ నీరు పసుపు కలిపినట్టు చిక్కగా, మూత తీయకముందే గాజులోంచి కనబడుతుంది. అప్పుడు నేను ముందు చీటీ మీద వయసు చూస్తాను. ఇరవై, పాతికేళ్ళ ఆడమనిషయితే చేతి తొడుగులు తీసేసి ముందు గదిలోకి పోయి "ఎన్నో నెలమ్మా?" అని అడుగుతాను. కడుపుతో లేనంటే వచ్చి మళ్ళీ నా స్టూలు మీద కూర్చుంటాను. డాక్టరు అడిగే మాటలు నువ్వెందుకు అడుగుతావని మా మేడం రెండుసార్లు కోప్పడింది. ఆమెకు ఏమని చెప్పను, ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పను?

మా ఊరు కోరుట్లకు ఆటోలో పావుగంట దూరం. అమ్మానాన్న మగ్గాల పనికి భీవండి పోయి, అక్కడి ఇరుకు గదిలో నన్ను పెట్టుకోలేక, మూడో తరగతిలోనే నన్ను తాత దగ్గర వదిలారు. నాయనమ్మ అప్పటికే లేదు. తాత ఊరికి నల్లా నీళ్ళు విడిచే మనిషి. కోడి కూసే వేళకు లేచి, మెడకు తువ్వాల చుట్టుకొని, నా నడుమంత పొడుగున్న, వాల్ తిప్పే ఇనుప చావి భుజాన వేసుకొని ట్యాంకు కాడికి నడిచేవాడు. వెనక నేను, కండ్లు నులుముకుంటూ. దారిలో కరెంటు స్తంభాన్ని ఆ చావితో మూడుసార్లు కొట్టేవాడు. ఆ చప్పుడుకు గల్లీ గల్లీలో తలుపులు తెరుచుకొనేవి, బిందెలు కదిలేవి, ఎవరింట్లోనో పసిపిల్ల ఏడ్చేది. తాత నేలలోని గుంతలోకి వంగి వాల్ తిప్పుతుంటే పైపులో మొదట గాలి బుసకొట్టి, తర్వాత నీళ్ళు పారే చప్పుడు వినబడేది. ఎండాకాలం ఆ గుంత దగ్గరి తడి మట్టి వాసన, వానాకాలం కప్పలు, చలికాలం తాత చేతుల్లో ఐస్‌లాంటి ఇనుము. బడి లేని రోజుల్లో కచ్చకాయలు, తొక్కుడు బిళ్ళ. సాయంత్రం తాత కాల్చిన మక్క కంకి, దాని మీద ఉప్పుకారం. నాకు అమ్మ యాదికొచ్చేది గానీ, తాత దగ్గర నాకు ఏ లోటూ లేదు.

నేను నాలుగో తరగతికి వచ్చాక, ఆ ఏడు రాఖీ పున్నానికి మా మేనత్త సుగుణ సిరిసిల్ల నుంచి వచ్చింది. తాతకు ఒక్కతే ఆడబిడ్డ. అప్పటికి ఐదో నెల కడుపుతో ఉంది. వాళ్ళింట్లోనే పవర్‌లూమ్ మగ్గాలు. పగలంతా ఆ చప్పుడుకు తల తిరుగుతోందని, కాన్పు దాకా ఇక్కడే ఉంటానని సంచి సర్దుకొని వచ్చేసింది. వాళ్ళాయన సత్యం మామ ఆదివారం ఆదివారం బస్సు పట్టుకొని వచ్చేవాడు, నాకు ఉప్పు బిస్కెట్లు, అత్తకు దానిమ్మకాయలు తెచ్చేవాడు. అత్త గడపలో కాళ్ళు చాపుకొని, ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చేసేది. నానిన తునికాకు వాసన, తంబాకు ఘాటు ఇల్లంతా ఉండేవి. నేను ఆకులు కత్తిరించి ఇస్తే నాకు జడ వేసేది. ఒకసారి నా చెయ్యి తీసుకొని తన కడుపు మీద పెట్టి, "సూడు, తంతాంది," అన్నది. నాకు భయమేసి చెయ్యి లాగేసుకున్నాను. అత్త పడీ పడీ నవ్వింది.

అదే నెలలో ఊళ్ళో మురుగు మోరీలు కట్టే పని మొదలైంది. మట్టి తవ్వే మిషన్ మలుపు కాడ నీళ్ళ పైపును తెంపేసింది. కాంట్రాక్టరు మనుషులు మరునాడు రానే లేదు. ఊరు నీళ్ళకు గోల పెడుతుంటే తాతే మోరీలోకి దిగి, సైకిల్ ట్యూబు కోసి పైపుకు చుట్టి, తీగతో బిగించాడు. మురుగునీళ్ళలో మోకాళ్ళదాకా నిలబడ్డ తాతకు గట్టు మీదినుంచి నేను తీగ అందించాను. సాయంత్రం సర్పంచి ఇంటికి పోయి కొత్త పైపు వేయించమన్నాడు. "బిల్లు రాంగనే ఏపిస్త తాతా, అప్పటిదాక నడిపియ్యి," అన్నాడాయన. తాత నడిపించాడు. మొదటి బిందె కొంచెం మబ్బుగా, కొంచెం వాసనతో వచ్చేది. ఆడవాళ్ళు ఆ బిందె పారబోసి రెండోది పట్టుకొనేవాళ్ళు. వానాకాలం కదా, నీళ్ళు అట్లనే ఉంటాయనుకున్నారు.

వినాయకుణ్ణి నీళ్ళలో కలిపిన కొన్నాళ్ళకు మా వెనక గల్లీలో ఒకాయనకు అన్నం సయించడం మానేసింది. తర్వాత ఆయన భార్యకు, తర్వాత ఎదురింట్లో ముగ్గురికి. కండ్లు పచ్చబడ్డాయి. పసిరికలన్నారు, పచ్చకామెర్లు. కోరుట్లలో ఆకు మందు పోసే ఆమె ఇంటి ముందు మా ఊరి ఆటోలే నిలబడ్డాయట. ఆరెంపీ డాక్టరు తన ఇంటి అరుగు మీద, చింతకొమ్మకు గులుకోజు సీసాలు వేలాడదీసి, చాపల మీద మనుషులను వరుసగా పడుకోబెట్టాడు. పొద్దునపూట మొగవాళ్ళు ఒకరి కండ్లు ఒకరు గుంజి చూసుకొనేవాళ్ళు.

నాకు ముందు జ్వరం వచ్చింది. తర్వాత నూనె కాగే వాసన తగిలితే చాలు, పేగులు నోట్లోకి వచ్చినట్టయ్యేది. మూడోనాడు అత్త నన్ను వాకిట్లోకి తీసుకుపోయి, ఎండకేసి మొహం తిప్పి, కింది రెప్ప లాగి చూసింది. తాతను పిలిచింది. తాతా వంగి చూశాడు. ఆ రోజునుంచి నాకు చప్పిడి అన్నం, పల్చని మజ్జిగ. ముత్యంపేట షుగర్ ఫ్యాక్టరీకి పోవాల్సిన చెరుకును తాత ఎవరి చేన్లోనో బతిమాలి తెచ్చి, ముక్కలు కొట్టి నా పక్కన పెట్టేవాడు. నమిలే ఓపిక నాకు లేదు. గోడకేసి తిరిగి పడుకొని, సున్నం పెచ్చుల్లో ఒంటెలను, మనుషులను వెతుక్కొనేదాన్ని. ఒళ్ళంతా దురద. గోక్కొని గోక్కొని నా గోళ్ళ సందుల్లో కూడా పసుపే కనిపించేది.

జగిత్యాల నుంచి ఆరోగ్య శాఖ వాళ్ళు జీపులో వచ్చి, సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయి, నీళ్ళు చెడ్డాయి, కాచి చల్లార్చి తాగండని మైకులో చెప్పిపోయారు. ఆ సాయంత్రం తాత వాల్ బంద్ చేసి చావి ఇంటికి తెచ్చుకున్నాడు. ఒక పూట గడిచింది, ఒక రోజు గడిచింది. ఊళ్ళోని చేదబావులను ఎప్పుడో చెత్తతో పూడ్చేశారు. చేతిపంపుల్లో వచ్చేవి నోట్లో పెట్టలేని ఉప్పు నీళ్ళు. రెండోనాడు పొద్దున ఆడవాళ్ళు ఖాళీ బిందెలు తెచ్చి మా వాకిట్లో పెట్టి నిలబడ్డారు.

"పసిరికలత్తే సత్తమో బతుకుతమో, నీళ్ళు లేకుంటె రేపే సత్తం గద తాతా," అన్నదొక ఆమె. ఆమె చంకలోని పిల్లకు కూడా కండ్లు పచ్చగానే ఉన్నాయి.

తాత అరుగు మీద కూర్చొని చావిని అటూ ఇటూ తిప్పాడు. "ఇడిస్తే పాపం, ఇడువకపోతే పాపం. నన్నేం జెయ్యమంటరే?" అన్నాడు. ఎవరూ కదలలేదు. తాత లేచి పోయి నీళ్ళు విడిచాడు.

కానీ మా తాగే బిందెలోకి ఆ నీళ్ళు రానివ్వలేదు. సైకిలుకు రెండు వైపులా రెండు క్యాన్లు కట్టుకొని, ఊరి బయటి పొలంలో బోరు కాడికి పోయి తెచ్చేవాడు. అవి అత్తకూ నాకూ. తాను మాత్రం నల్లా నీళ్ళే తాగేవాడు. అందరికీ విడిచిన నీళ్ళు తాను తాగకుంటే ఎట్లా అనుకున్నాడేమో, నేను అడగలేదు. ఆశ్చర్యమేమిటంటే తాతకు ఏమీ కాలేదు.

సద్దుల బతుకమ్మ నాటికి నేను లేచి కూర్చోగలుగుతున్నాను. అత్తకు ఏడో నెల. ఊళ్ళో సగం ఇళ్ళల్లో మనుషులు మంచాల మీద ఉన్నా, తంగేడు, గునుగు తెచ్చి బతుకమ్మలు పేర్చారు. అత్త మా ఇంటి బతుకమ్మను నా మంచం పక్కనే కూర్చొని పేర్చింది. పెరుగు సద్ది, నువ్వుల సద్ది, చింతపండు పులిహోర, బెల్లం మలీద ముద్దలు చేసింది. వాటి వాసనకు నాకు వాంతి రాకపోవడమే నాకు పండుగ. ఆ రోజు పొలాలకు కరెంటు ఇవ్వలేదు, బోరు నడవలేదు, క్యాన్లు ఖాళీ. పనంతా చేసి చెమటతో అత్త గుంజకు ఆనుకొని కూర్చుంది.

"గొంతెండుతాంది బాపూ, జర నీళ్ళియ్యి."

తాత క్యాన్లు రెండూ వంచి చూశాడు. నల్లా నీళ్ళు పట్టిన వాడుక గోలెం వైపు చూశాడు. కాచి ఇస్త, జర ఆగు బిడ్డా అన్నాడు. అత్త చెయ్యి చాపే ఉంది. తాత గోలెంలో చెంబు ముంచి ఇచ్చాడు. అత్త గటగటా తాగింది.

పండుగ పోయిన వారానికి అత్తకు జ్వరం వచ్చింది. నాకు వచ్చినట్టే వచ్చింది కాబట్టి నాకు పోయినట్టే పోతుందనుకున్నాము. నాలుగోనాడు కండ్లు పచ్చబడ్డాయి. ఆరోనాడు తాతను చూసి "నువ్వెవలు?" అన్నది. ఖాళీ చేతులతో బీడీ చుడుతున్నట్టు వేళ్ళు కదిలిస్తూ, నన్ను ఆకు తెమ్మని అడిగింది. తాత పక్కింటి ఆటోను పిలిచాడు. నన్ను ఒక్కదాన్ని విడిచి పోలేక నన్నూ ఎక్కించుకున్నాడు. కోరుట్లలో చూసి జగిత్యాల పొమ్మన్నారు. జగిత్యాలలో చూసి, ఒక సీసా పెట్టి, కరీంనగర్ పొమ్మన్నారు. మధ్యాహ్నపు ఎండ, అంబులెన్స్ లోపల స్పిరిట్ వాసన. అత్త తల తాత ఒళ్ళో ఉంది. నేను అత్త పాదాలు పట్టుకొని కూర్చున్నాను. అవి చల్లగా ఉన్నాయని చెప్పాలనుకున్నాను. చెబితే నిజమవుతుందని భయపడి చెప్పలేదు.

కరీంనగర్ దవాఖానాలో అత్త ఒక్క రోజు ఉంది. కడుపులోని పిల్ల కూడా దక్కలేదు. సిరిసిల్ల నుంచి సత్యం మామ వచ్చేసరికి బట్ట కప్పేశారు. మామ ఏడవలేదు. వరండాలో తాత ముందు నిలబడి, "ఏం నీళ్ళు తాపినవ్ మామా?" అన్నాడు. సత్యం మామ తల తిప్పి, బెంచీ మీద కూర్చున్న నన్ను చూశాడు. ఇంకా పసుపు పోని నా కండ్లలోకే చాలాసేపు చూశాడు.

ఆ వారంలోనే కొత్త పైపు వచ్చింది. సర్పంచి దగ్గరుండి వేయించాడు. దినాలు కాగానే తాత మళ్ళీ నీళ్ళు విడవడానికి పోయాడు. వద్దు తాతా, వేరేవాళ్ళను పెట్టుకుంటారు అంటే, "ఎవలన్న ఇడువాలె గద," అన్నాడు. ఆ పొద్దు నల్లాల కాడ ఎవరూ తోసుకోలేదు.

పదేళ్ళ తర్వాత నేను ల్యాబు కోర్సు చదువుతున్నప్పుడు పుస్తకంలో ఆ జబ్బు కనబడింది. కడుపుతో ఉన్నవాళ్ళకు అది ప్రాణం మీదికి తెస్తుందని రాసి ఉంది. ఆ నీళ్ళు లోపలికి పోయాక కండ్లు పచ్చబడటానికి ఎక్కువగా నెలా నెలన్నర పడుతుందనీ రాసి ఉంది. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. వారం ముందరి ఆ చెంబు నీళ్ళు కావు. తాత సైకిలు మీద క్యాన్లు తేవడం మొదలుపెట్టేనాటికే, బహుశా, అది అత్త ఒంట్లో చేరిపోయింది. రాఖీ పున్నం తర్వాత ప్రతి పొద్దునా అందరితోపాటు పట్టుకున్న బిందెల్లోనే వచ్చింది.

తాత చివరి ఏడాది మంచాన ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకొని అడిగాడు. "బిడ్డా, నువ్వు సదువుకున్నవ్. గా ఒక్క చెంబు నీళ్ళతోనేనా?"

"కాదు తాతా," అన్నాను.

తాత మొహం కొంచెం విచ్చుకుంది. తర్వాత, మెల్లగా, "మరి ఏ నీళ్ళు?" అన్నాడు.

నేను దుప్పటి సర్ది, మందు తెస్తానని బయటికి వచ్చేశాను. మళ్ళీ తాత అడగలేదు. అర్థమయి అడగలేదో, అలసి అడగలేదో నాకు తెలియదు.

ఇప్పుడు మా ఊళ్ళో నీళ్ళు విడిచే మనిషి లేడు, మిషనే విడుస్తుంది. ఇంటింటికీ ఫిల్టర్ నీళ్ళ డబ్బాలు వస్తాయి. మా ఇల్లు కూలి జాగా మిగిలింది. ఆ ఏడు ఊళ్ళో ఎంతమంది పడుకున్నారో, ఎవరు లేవలేదో మాట్లాడుకొనేవాళ్ళు లేరు. అత్త ఫొటో మా దగ్గర ఒక్కటీ లేదు. పెళ్ళి ఆల్బం సిరిసిల్లలోనే ఉండిపోయింది.

మొన్న ఒక పెళ్ళికి సిరిసిల్ల పోయినప్పుడు, అడిగి అడిగి సత్యం మామ ఇంటికి పోయాను. ఆ గల్లీలో చాలా మగ్గాలు ఆగిపోయాయి, మాటలు మామూలుగా వినబడుతున్నాయి. మామకు జుట్టంతా నెరిసింది. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు ఎదిగిన పిల్లలు. ఆయన భార్య నాకు చాయ్ పెట్టింది, నేనెవరని మామను అడిగింది. నేను పేరు చెప్పుకుంటుంటే మామ లేచి నా దగ్గరికి వచ్చాడు. రెండు చేతులతో నా మొహం పట్టుకొని, వాకిట్లోని వెలుతురుకేసి తిప్పాడు.

"కండ్లు మంచిగైనయా బిడ్డా?" అన్నాడు.

"అయినయి మామా," అన్నాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు.