తడిసిన వల బరువు

తడిసిన వల ఎంత బరువుంటుందో ఆ రోజు నాకు ముందే తెలుసు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని. ఏ పుస్తకం ఏ పేజీ దగ్గర ఆపానో, ఇంట్లో ఏ కూర మాడిందో కూడా రాసుకుంటాను. ఆ రోజు పేజీలో మాత్రం "ఎండ ఎక్కువ. పిచ్చాటూరు డ్యాం దగ్గర ట్రయల్ అయింది" అని రెండు వాక్యాలే ఉన్నాయి. ఈ ఉదయం మళ్లీ అదే గట్టు మీద నిలబడి, ఎవరిదో వలను పడవలోకి ఎక్కిస్తుంటే నేనూ ఒక చేయి వేశాను. పాచి వాసన, చేపల వాసన, పెట్రోలు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. వల నుంచి కారిన నీళ్లు మోచేతి దాకా పాకాయి. దొరసామన్న పక్కనే ఉన్నట్టు అనిపించి తల తిప్పి చూశాను కూడా. ఇంటికి వచ్చి, చేతికి ఆ వాసన పోకముందే ఇది రాస్తున్నాను.

దొరసామన్నకు పుత్తూరు బస్టాండు వెనక వీధిలో చిన్న కొట్టు ఉండేది. ముందు వైపు బోరు మోటార్లు, వెనక రేకుల షెడ్డులో పడవ మోటార్లు. మా వైపు డ్యాములలో చేపలు పట్టేవాళ్లలో ఎక్కువ మందికి ఇప్పటికీ తెడ్డే ఆధారం. పడవ వెనక తగిలించే చిన్న మోటారు కొనేవాళ్లు తక్కువ. కొన్నా, సముద్రం వైపు వాడి అమ్మేసినవి కొంటారు. అవి మొరాయిస్తే దొరసామన్న దగ్గరికే రావాలి. డిగ్రీ అయ్యాక బిల్లులు రాయడానికి నేను ఆ కొట్టులో చేరాను. మాది నగరి. నాయన మరమగ్గాలు నడుపుతారు. ఆ చప్పుడులో పెరగడం వల్ల మాట్లాడే అలవాటు తప్పిందని సర్దిచెప్పుకుంటాను గానీ, నిజానికి నలుగురి ముందు నాకు గొంతు రాదు. అరవై దాటిన మనిషిని ఊరంతా అన్నా అంటుంటే నేనూ అన్నా అన్నాను. అదైనా చేరిన వారానికి. పని లేనప్పుడు నేను బల్ల కింద పుస్తకం పెట్టుకుని చదవడం ఆయన చూసేవారు. "ఆ బుక్కులో వాళ్లు మాట్లాడతారా పాపా?" అని ఒకరోజు అడిగారు. మాట్లాడతారన్నాను. "అయితే నీకంటే మేలే" అన్నారు.

కొట్టు వెనక నీళ్ల డ్రమ్ములో ఒక మోటారును ముంచి నడిపిస్తున్నారు ఒక మధ్యాహ్నం. నేను బిల్లు పుస్తకం మీంచి తల ఎత్తాను. ఆయన చూశారు.

"ఏం పాపా, ఏమో ఇన్నట్టుండావే?"

"ఏం లేదన్నా. ఒక దెబ్బ తప్పుతా ఉండాది."

ఆయన మోటారు ఆపి రెండు ప్లగ్గులూ విప్పారు. ఒకటి మసి పట్టి తడిగా ఉంది. దాన్ని గుడ్డతో తుడిచి మళ్లీ బిగించారు. చివరికి, "నీకు చెవి ఉండాది. నోరే యాడనో పెట్టి మర్సిపోయినావు" అన్నారు. మగ్గాల ఇంట్లో పుట్టిన ఎవరికైనా ఆ చెవి ఉంటుందని నాకు తెలుసు. కానీ దాన్ని ఒక గుణంగా లెక్కపెట్టిన మొదటి మనిషి ఆయన. అప్పటి నుంచి నీళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు నన్ను కూడా తీసుకెళ్లడం మొదలుపెట్టారు. మోటారు ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపే మీటరు, నోటుపుస్తకం నా చేతిలో ఉండేవి.

పడవను నడిపేది మోటారు కాదు, దాని కింద తిరిగే ప్రొపెల్లరు అనేవారు ఆయన. కొనేవాళ్లు దాన్ని ఫ్యాను అంటారు. మూడు రెక్కల వస్తువు. కొత్తలో నా కంటికి అన్నీ ఒకటిగానే కనబడేవి. బిల్లు మీద మాత్రం రెండు అంకెలు రాయాలి. ఒకటి వెడల్పు. రెండోది పిచ్, అంటే ఒక చుట్టు తిరిగితే పడవను ఎన్ని అంగుళాలు ముందుకు తొయ్యాలన్న కొలత. ఈ రెండోది నాకు ఎంతకీ బుర్రకెక్కలేదు.

"కొండెక్కినావా?" అని అడిగారు.

"ఎక్కినానన్నా. నడిచే."

"అలిపిరి కాడ పెద్ద పెద్ద అంగలేసుకుంటా పోతారే కుర్రోళ్లు, వాళ్లు మోకాళ్ల పర్వతం కాడ ఏమైతారు?"

"కూలబడతారు."

"నెత్తిన మూట పెట్టుకున్న ముసిల్ది, చిన్నగా అడుగేసుకుంటా వాళ్లని దాటుకోని పోతాది. పిచ్ అంటే అంగ. బరువు మోసేదానికి చిన్న అంగ ఇయ్యాల. పెద్దది ఇస్తే మోటారు కూలబడతాది. ఒట్టి చేతులతో పోయేదానికి చిన్నది ఇస్తే ఊరికే గిరగిరా తిరిగి అరిగిపోతాది. అంతే గదా."

అంతే. ఆ రోజు నుంచి నాకు ఆ లోహపు రెక్కలలో నడిచే మనుషులు కనబడుతూనే ఉన్నారు.

కొట్టుకు ఎవరు వచ్చినా ముందుగా ఆయన అడిగే ప్రశ్న ఒకటే. వచ్చేటప్పుడు పడవలో ఏముంటాది? వాళ్లు మాత్రం పోయేటప్పటి సంగతి చెప్పేవాళ్లు. "నా పడవ బాణం మాదిరి పోవాలన్నా" అన్నాడు ఒకాయన. "పోతాదిలేప్పా. మళ్లీ రావద్దా?" అన్నారు దొరసామన్న. బల్ల మీద పెట్టి ప్రొపెల్లరు అమ్మడం ఆయన చేయని పని. పడవలో నిండా బరువు పెట్టించి, నీళ్లలో మోటారును పూర్తిగా తిప్పి, మీటరు ముల్లు మోటారు మీద అచ్చువేసిన రెండు హద్దుల మధ్య నిలిస్తేనే అది ఆ పడవకు తగినది. నిలవకపోతే విప్పి ఇంకొకటి. అంత శ్రమ ఎందుకని ఎవరైనా విసుక్కుంటే, "నడిమధ్యలో ఆగితే విసుక్కునేదానికి ఆడ ఒక్క మనిషి కూడా ఉండడు" అనేవారు.

కన్నప్ప, మునెమ్మ అలా వచ్చినవాళ్లే. పిచ్చాటూరు డ్యాంలో చేపలు పట్టే మొగుడూ పెళ్లాలు. కన్నప్ప గట్టు మీద జారి భుజం విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు కట్టుతో ఎముక అతికింది గానీ తెడ్డు వేసే బలం తిరిగి రాలేదు. అందుకని పాత మోటారు ఒకటి కొన్నారు. డ్యాం ఆ కొసలో పట్టిన చేపలు ఉదయం ఏడు లోపల ఈ గట్టుకు చేరాలి. ఏడు కొట్టగానే చెన్నై వ్యాను వెళ్లిపోతుంది. మోటారు దారిలో వేడెక్కి ఆగిపోవడం వల్ల అప్పటికే రెండు సార్లు వ్యాను తప్పింది. ఇంకొకసారి తప్పితే మీ కోసం ఇటు తిరగనని వ్యానతను ఖండితంగా చెప్పేశాడు. "వ్యాను రాకుంటే సేపలు ఎవరికి పెట్టేదన్నా? పడవ అమ్మేసి కూలికి పోవాల్సిందే" అంది మునెమ్మ. దొరసామన్న వంగి ప్రొపెల్లరు మీద అంకె చూశారు. పదకొండు. "ఇది సముద్రంలో ఒట్టి పడవని పరిగెత్తించే ఫ్యానప్పా. మూట మోసేది కాదు" అన్నారు.

మరునాడు డ్యాం దగ్గర పడవలో ఐసు పెట్టె పెట్టించారు. చేపల డబ్బాలలో ఇసుక నింపించారు. గట్టు మీద ఆరేసిన వలను కన్నప్ప, మునెమ్మ ఇద్దరే చెరొక వైపు ఎత్తి పడవలో వేశారు. "అన్నా, ఈ వల..." అని మునెమ్మ ఏదో చెప్పబోయింది.

"మోటారు సంగతి నీకేం తెలుసు మే? పక్కకుండు" అన్నాడు కన్నప్ప.

ఆమె నవ్వి నా పక్కకు వచ్చింది. "పోయేటప్పుడు మేమిద్దరమే ఎత్తేస్తామా, వచ్చేటప్పుడు తడిసి, పాచి పట్టి, నలుగురు పట్టినా లెయ్యదు పాపా. మీ అన్నకి నువ్వన్నా సెప్పు" అంది. నేను సరేనన్నట్టు తల ఊపాను.

రెండు అడుగులు ముందుకు వేశాను. దొరసామన్న, కన్నప్ప, ఇంకో నలుగురు మగవాళ్లు మోటారు చుట్టూ వంగి మాట్లాడుకుంటున్నారు. మాటల మధ్య ఒక సందు దొరికితే చెబుదామని నిలబడ్డాను. సందు దొరికింది కూడా. అన్న తల ఎత్తి నా వైపు చేయి చాపారు, మీటరు కోసం. మీటరు ఇచ్చాను. మాట ఇవ్వలేదు. తొమ్మిది పిచ్ ప్రొపెల్లరు బిగించి, మోటారు స్టార్టు చేసే తాడు లాగారు. పడవ ఒక చుట్టు తిరిగి వచ్చింది. ముల్లు కింది హద్దుకు కొంచెం పైన నిలిచింది. "సరిపోతాది" అన్నారు ఆయన. నేను ఆ అంకె నోటుపుస్తకంలో గుండ్రంగా రాసుకున్నాను.

నాలుగో రోజు ఉదయం ఫోను వచ్చింది. ఎదురుగాలిలో, నిండు బరువుతో వస్తుంటే మోటారు ఈడ్చి ఈడ్చి ఆగిపోయిందట. మునెమ్మ ఒక్కతే తెడ్డు వేసుకుంటూ గట్టుకు చేరేసరికి వ్యాను వెళ్లిపోయింది. అన్న బండి వెనక, ప్రొపెల్లర్ల సంచి ఒళ్లో పెట్టుకుని డ్యాం దాకా వెళ్లాను. ఒక రెక్క అంచు తొడకు గుచ్చుకుంటూనే ఉంది. దాన్ని పక్కకు జరపాలని కూడా తోచలేదు.

గట్టు మీద చేపల డబ్బాలు అలాగే ఉన్నాయి. "నిన్ను నమ్ముకుంటే ఇట్లా సేస్తివే అన్నా" అన్నాడు కన్నప్ప, పదిమంది వింటుండగా. దొరసామన్న కుప్పగా పడి ఉన్న వల దగ్గరికి వెళ్లి, వంగి, రెండు చేతులతో ఒక కొస ఎత్తబోయారు. లేవలేదు. వదిలేసి చేతులు దులుపుకున్నారు.

"ఆ పొద్దు ఇది ఎండి ఉండింది గదా కన్నప్పా?"

"ఊ."

"నేను అడగాల్సింది. అడగలా. తప్పు నాది."

మునెమ్మ అప్పుడు నన్ను చూసింది. కోపంగా కాదు. ఊరికే చూసి, ముఖం డబ్బాల వైపు తిప్పుకుంది. ఆ క్షణంలోనైనా నేను చెప్పి ఉండవలసింది. ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్న మనిషి, ఊరివాళ్ల ముందు నా తప్పును తన తప్పుగా ఒప్పుకుంటుంటే నేను సంచి తాడు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను.

"వలని నీళ్లలో ముంచి ఎక్కించండప్పా" అన్నారు ఆయన. డబ్బాలతో పాటు వలనూ నలుగురు కలిసి ఎక్కించారు. పడవ ఒక జానెడు కిందికి దిగింది. ఏడు పిచ్ ప్రొపెల్లరు బిగించారు. తాడు మీద చేయి వేసి, లాగకుండా ఆగి, నా వైపు తిరిగారు.

"ఇంకేమన్నా ఉండాదా పాపా?"

అంతకు ముందు ఏ ట్రయల్‌లోనూ ఆయన అలా అడగలేదు. అందరూ నా వైపు చూశారు. ఆయనకు తొందర లేదు. తాడు పట్టుకుని అలాగే ఉన్నారు.

"మునెమ్మక్క కూడా పడవలోనే కదన్నా వచ్చేది" అన్నాను. "ఆయక్క ఇప్పుడు గట్టు మీద ఉండాది."

ఎవరో కిసుక్కున నవ్వారు. అన్న నవ్వలేదు. "ఎక్కుమ్మా" అన్నారు. మునెమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని పడవలోకి దిగుతూ, "నా బరువు కూడా తూకానికి పెట్టిస్తివి గదే పాపా" అంది. అప్పుడు నాకూ నవ్వొచ్చింది. ముల్లు రెండు హద్దులకూ నడుమ నిలిచింది. ఆ చప్పుడు మా ఇంట్లో పోగు తెగకుండా నడిచే మగ్గంలా ఉంది; మీటరు చూడకముందే నాకు తెలిసింది. "పోయేటప్పుడు ఒట్టి పడవ. పూర్తిగా తిప్పబాక, మోటారు పాడైతాది" అని కన్నప్పకు చెప్పారు అన్న. "మెల్లగా పో. నీకు వ్యాను ఉండేది వచ్చేటప్పుడే."

ఆయన అంతటితో వదలలేదు. మరునాడు ఏడు కాకముందే మళ్లీ అటు వెళ్లి, గట్టు వైపు తిరగకుండా పోతున్న వ్యానును రోడ్డు మీదే ఆపి, అతనితో, "తప్పు వీళ్లది కాదప్పా, ఫ్యాను ఎంచిన నాది. ఒక వారం సూడు" అని అడిగారు. అతను గొణుగుతూనే ఒప్పుకున్నాడు. ఆ వారంలో ఒక్క రోజూ పడవ ఆలస్యం కాలేదు. వ్యాను ఆ గట్టుకు ఇప్పటికీ వస్తూనే ఉంది.

ఆ తరువాత నోటుపుస్తకంలో ప్రతి పేజీ మీద "వల తడిపామా?" అన్న ప్రశ్న నా చేత రాయించారు. ప్రశ్నలు అడిగే పని కూడా నాకే అప్పగించారు. "మగోళ్లు పోయేటప్పటి లెక్క సెప్తారు. వచ్చేటప్పటిది కావాలంటే ఇంట్లో ఆడోళ్లని అడుగు" అన్నారు. అడగడం నేర్చుకున్నాను. మొదట్లో కాగితం చూసి చదివేదాన్ని, తరువాత ముఖం చూసి అడిగేదాన్ని. నాలుగేళ్లలో ఎన్ని ట్రయల్స్ చేశామో, ప్రతిసారీ తాడు లాగే ముందు ఆయన ఆగేవారు. నన్నే అడిగేవారు. చెప్పడానికి ఒక్కోసారి ఏదో ఒకటి ఉండేది. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. ఉన్నా లేకపోయినా ఆ కాసేపు నా కోసం మోటారు ఆగి ఉండేది. అంత గౌరవం నాకు అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు.

మునెమ్మ ఆ రోజు నాతో చెప్పిన సంగతి ఆయనకు తెలుసో తెలియదో నాకు ఈనాటికీ తెలియదు. మునెమ్మను అడిగే ధైర్యం చేయలేదు. ఇప్పుడు ఆ కొట్టును నేనే చూసుకుంటున్నాను. తాడు లాగే ముందు నేనూ ఆగుతాను. గట్టు మీద అందరికంటే వెనక ఎవరు నిలబడ్డారో చూసి, వాళ్లను అడుగుతాను.

చేతులు వణకడం మొదలయ్యాక దొరసామన్న కార్వేటినగరంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. రెండు నెలలకే పోయారు. ఆ మధ్యలో చూడటానికి వెళ్లాలనుకుంటూనే వెళ్లలేకపోయాను. కాబట్టి నాకు ఆయన ఆఖరి చూపు పుత్తూరు బస్టాండులోదే. కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి, సంచి పైన పెట్టి, కింద నిలబడ్డాను. ఎవరి మోటారుకు ఏ ప్లగ్గు కావాలో, ఏ డబ్బాలో పిన్నులు ఉన్నాయో అన్నీ ఇంకోసారి చెప్పారు. తరువాత ఎప్పటిలాగే అడిగారు. వల, మునెమ్మ, ఆ ఎండ, అన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. కండక్టరు విజిలు వేశాడు. బస్సు కదిలాక ఆయన కిటికీ కమ్మీ పట్టుకుని, తల బయటికి పెట్టి, నా వైపు చూస్తూ మళ్లీ అడిగారు.

"ఇంకేమన్నా ఉండాదా పాపా?"