కానూను కోసం ఆగిన టీకా

మా బాపుకు ఉర్దూ చదవడం వచ్చు. నా చిన్నతనంలో ఇబ్రహీంపట్నంలో అది చిన్న సంగతేం కాదు. పట్నం పోయి వచ్చినవాళ్లు ఎవరైనా పాత అఖ్‌బారు తెచ్చిస్తే, మా ఇంటి అరుగు మీద కూర్చుని చదివి, చుట్టూ చేరినవాళ్లకు తెలుగులో చెప్పేవాడు. రాసింది తానే అన్నట్టు గొంతు పెంచేవాడు. నేను తలుపు పక్కన బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేదాన్ని.

ఒక ఎండాకాలం అఖ్‌బారులో ఒక వార్త వచ్చింది. ప్రతి బిడ్డకూ మశూచి టీకా వేయించి తీరాలని, వేయించని తల్లిదండ్రులకు జుర్మానా వేయాలని నిజాం సర్కారు కానూను తేవాలనుకుంటోందట. ఔనని కొందరు, కాదని కొందరు పట్నంలో పెద్దవాళ్లు వాదులాడుకుంటున్నారట. అక్కడ వాళ్లు వాదులాడుకుంటే ఇక్కడ మావాళ్లు ఊరుకుంటారా? ఆ సాయంత్రమే అరుగు మీద మొదలైంది.

కానూను వద్దనేవాళ్లకు మా పెద్దబాపు పెద్ద. ఆయన మా బాపుకు స్వయానా అన్న, మా పక్కిల్లే. కావాలనేవాళ్లకు మా బాపు పెద్ద. ఇద్దరూ పొలం పనులు కూడా పక్కన పెట్టి కొట్లాడుకున్నారు.

"మన పిల్లల చెయ్యి వట్టి గుంజి సూది పొడుసుడేంది? భూమి మీద సర్కారు పెత్తనం సాలదా? ఇగ పిల్లల మీద గూడనా?" అనేవాడు పెద్దబాపు.

"జబర్దస్తీ లేకుంటె ఎవడు ఏయిస్తడే అన్నా? అమ్మవారొస్తె ఒక్క ఇంటితోని పోతదా? కానూను ఉండాలె. ఉన్నోనికి లేనోనికి ఒక్కటే ఉండాలె," అనేవాడు బాపు.

బాపు మాటే సబబని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. కాకపోతే మగవాళ్లెవరికీ తట్టని సంగతి ఒకటి మా అమ్మకు తట్టింది. టీకా వేయించుకోవడానికి కానూను అక్కర్లేదు. తాలూకా కచేరీ పక్క పందిట్లో టీకాలాయన కూర్చునే ఉన్నాడు. అడిగినవాళ్లకు ఊరికే వేస్తున్నాడు.

"ఊరందరికి చెప్తున్నవ్ గద, మన చిన్నదానికి నువ్వే ఏయించరాదు?" అని అన్నం వడ్డిస్తూ అడిగింది.

చిన్నది అంటే మా చెల్లెలు. అయిదేళ్లుంటాయి. మోదుగాకును రెండు చేతులా పట్టుకుని, బాపులాగే అరుగు మీద కూర్చుని, తనకే అర్థం కాని భాషలో అఖ్‌బారు చదివేది. మధ్యలో ఎవరైనా నవ్వితే బాపులాగే కసిరేది. దాని చేష్టలకు ఇల్లంతా పడీపడీ నవ్వేవాళ్లం.

బాపుకు పాత మొక్కు ఒకటి అడ్డం వచ్చింది. నేను పసిగుడ్డుగా ఉన్నప్పుడు నాకు మశూచి వచ్చింది. అమ్మవారు పోసిందని అనేవాళ్లం. ఒంటి మీదికి పోచమ్మ తల్లే వస్తుందని మా నమ్మకం. నేను బతికితే ఈ ఇంట్లో తల్లికి ఎదురుపోయే పని ఏదీ చేయనని బాపు అప్పుడు మొక్కుకున్నాడు. నేను బతికాను, ముఖం నిండా మచ్చలతో. ఇప్పుడు టీకా వేయిస్తే తల్లిని మా గడప తొక్కవద్దన్నట్టే. మొక్కు తప్పినట్టే.

"కానూను రానియ్యి. అప్పుడు ఏయించింది నేను గాదు, సర్కారు. తల్లి నన్నేమంటది?" అన్నాడు.

అమ్మ మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే ఎంత బాగుండేదో.

ఎండలు తగ్గకముందే దగ్గర్లోని మంచాల అనే ఊరి వైపు అమ్మవారు వచ్చిందని కబురు తెలిసింది. పట్నంలో వాదన ఇంకా తెగలేదు. మా చెల్లెలికి జ్వరం తగిలింది. మూడోనాడు ముఖం మీద పొక్కులు లేచాయి. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో పోపు వేయడం మానేశారు. అమ్మ పక్కన కూర్చుని వేపరెమ్మతో విసురుతూనే ఉంది. ఒకసారి మగతలోంచి తేరుకుని అది "బాపూ, సదువు" అంది. బాపు ఏదో పాత అఖ్‌బారు తెచ్చి ఉర్దూలోనే చదువుతూ పోయాడు. తెలుగులో చెప్పలేదు. అది అడగనూ లేదు. మర్నాడు మధ్యాహ్నం అది చనిపోయింది. దాన్ని తలుచుకుంటే ఇన్నేళ్లకూ నాకు ఏడుపు ఆగదు.

పక్కింట్లో పెద్దబాపు పిల్లలిద్దరికీ ఏమీ కాలేదు. కర్మకాండ అయ్యాక ఆయన మా ఇంటికి వచ్చి బాపు పక్కన కూర్చున్నాడు. బాపు ఆయన ముఖం చూసి అడిగాడు.

"అన్నా, నీ పిల్లలకు టీకా ఏయించినవా?"

"ఏయించిన తమ్మీ."

"నువ్వు వద్దంటివి గదనే?"

"నేను వద్దన్నది జబర్దస్తీని. టీకాను గాదు. నువ్వు రోజూ గంత గట్టిగ చెప్తుంటె నాకు భయమైంది. నీ మాట ఇన్నంకనే తీస్కపోయి ఏయించిన. నీ బిడ్డకు ఎప్పుడో ఏయించినవనుకున్న." అని పెద్దబాపు భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. బాపు ఏడవలేదు.

కొన్నాళ్లకు అరుగు మీదికి మళ్లీ జనం వచ్చారు. కానూను తొందరగా తెమ్మని పట్నానికి అర్జీ పంపుదామన్నారు. "నీ బిడ్డ సంగతి నువ్వే రాయాలె. గది సదివినంక ఎవ్వడు కాదంటడు?" అన్నారు.

బాపు తల అడ్డంగా ఊపాడు.

"ఏమని రాయాలె? నన్ను ఎవలు ఆపిన్రని రాయాలె?"

అని లేచి లోపలికి వచ్చాడు. గడప దాటగానే నేను ఎదురుగా ఉన్నాను. బాపు నా ముఖం వైపు చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. నా మీద బాపుకు ప్రేమ తగ్గిందని నేను ఎన్నడూ అనుకోలేదు. కానీ ఆ చూపు ఆగింది నా కళ్ల మీద కాదు, మచ్చల మీద. ఆ మొక్కు నా కోసం మొక్కిందే. అప్పటినుంచి బాపు ఎదురొస్తే నేను తల దించుకునేదాన్ని. ఎందుకే అని బాపు ఒక్కసారి కూడా అడగలేదు.