ఒక్క ఓటుతో పోయిన ప్రెసిడెంటు పదవి

ఆన్‌లైన్ ఫుట్‌బాల్ మేనేజర్ గేమ్‌లో మన దేశ ఫెడరేషన్‌కు మూడేళ్లుగా నేనే ప్రెసిడెంటుని. ఈ రోజు మధ్యాహ్నం గేమ్ ఆడేవాళ్లు ఓట్లేసిన ఎన్నికలో ఒక్క ఓటుతో ఓడిపోయాను. నేను పనిచేసే పలకల ఫ్యాక్టరీలో అన్నం క్యారియర్ మూత కూడా తీయకుండా బేస్తవారిపేటలో ఉన్న శీనుగాడికి ఫోన్ చేశాను. ఒకప్పుడు మార్కాపురం నెట్ సెంటర్లో ఒకే కుర్చీలో ఇద్దరం ఇరుక్కుని, విరిగిన పలక మీద జట్టు రాసుకుని ఆడినవాళ్లం.

“ఓటేసినావా రా?”

“వేసినా మామా. అవతలోడికి.”

“ఏందిరా, బుద్ధుందా నీకు?”

“ప్రెసిడెంటు అయినాక మాతో ఒక్క మ్యాచన్నా ఆడినావా? ఇప్పుడు ఖాళీనే గదా, ఆడుదాం రా.”

ఫోన్ పెట్టేసి క్యారియర్ మూత తీశాను. సాయంత్రం విరిగిన పలక ఒకటి ఇంటికి తెచ్చుకుని మా పాత జట్టు పేర్లు రాశాను. ఇలాంటి ద్రోహి మీకూ ఒకడున్నాడా?