పరుపు పట్టే సందు

మా పెద్దమ్మ తల మీద పరుపుతో భూమిని మూడుసార్లు చుట్టి వచ్చింది. అదీ పక్కవాళ్ల సందు దాటకుండానే! లెక్క కుదరదంటారా? లెక్కలు కుదరకే కదా నేను బడి మానేసింది.

ఆమె పరుపులు కుట్టే మనిషి. ఇంటి ముందు తలుపు ఎంత ఇరుకంటే, అందులో డబుల్ పరుపు దూర్చబోతే పరుపూ తలుపూ రెండూ ఏడుస్తాయి. అందుకని వెనక గదిలో కుట్టిన ప్రతి పరుపూ పక్కనున్న అద్దాల కొట్టు ముసలాయన సందులోంచే వీధిలోకి రావాలి. సందు మూశారా, పెద్దమ్మ పని కూడా మూసుకున్నట్టే.

ముసలాయనకు ఎప్పుడో ఒక లాయరు చెప్పాడు: "ఏడాదికి ఒక్కరోజైనా గేటుకు తాళం వెయ్యండి. ఇరవై ఏళ్లు ఎవరైనా అడక్కుండా, అడ్డు లేకుండా నడిచారంటే ఆ నడిచే హక్కు వాళ్లకొచ్చేస్తుంది." ఆయన ఆ రోజే తాళం కొన్నాడు. మేకుకు తగిలించాడు.

ఈ ఏడు ఆయన కొడుకు సందుకు అడ్డంగా గోడ కడతానన్నాడు. వ్యవహారం కోర్టుకెక్కింది. కొడుకు తాళం తెచ్చి బల్ల మీద పెట్టి, "మా నాన్నగారు ఏటా వేసేవారండీ" అన్నాడు. జడ్జిగారు తాళంచెవి పెట్టి తిప్పారు. తాళం కదల్లేదు, కాగితాల మీద గుప్పెడు తుప్పు రాలింది.

జడ్జిగారు ముసలాయన్ని అడిగారు. "చివరిసారి ఎప్పుడు వేశారు?"

పాపం, రోజంతా అద్దాల్లో తన మొహం తనే చూసుకునే మనిషి, అబద్ధమెలా ఆడతాడు?

"రేపు వేద్దామనుకుంటున్నానండీ."

"ఎన్నాళ్లుగా?"

"ఇరవై రెండేళ్లుగా."

హాలంతా ఒకటే నవ్వు. జడ్జిగారు నవ్వు ఆపుకుంటూ పెద్దమ్మ వైపు తిరిగారు. "మీరెప్పుడైనా ఆయన అనుమతి అడిగారా అమ్మా?"

"అడగడానికి మనిషి కనబడాలి కదండీ! నెత్తిన పరుపాయె. 'తప్పుకోండి, తప్పుకోండి' అని అరుచుకుంటూ పోయేదాన్ని. ఆయనే తప్పుకునేవారు."

సందు తెరిచే ఉంచాలని తీర్పొచ్చింది.

బయట మెట్ల మీద ముసలాయన పెద్దమ్మతో, "చూశావా చెల్లెమ్మా, నా బద్ధకం నీకెంత కలిసొచ్చిందో!" అన్నాడు.

"మీ పాత పరుపు పంపండి అన్నయ్యగారూ, దూది ఏకించి కొత్తగా కుట్టిస్తా."

"రేపు పంపుతాలే."

"అమ్మో, రేపు వద్దు! ఇవాళే!"

ఆ సాయంత్రం ఆ పరుపు మోస్తూ, మా పెద్దమ్మ భూమి చుట్టూ నడిచి సందును సొంతం చేసుకుందని నేను వీధంతా చాటుతుంటే, వెనక కొస పట్టుకున్న ఆమె అంది:

"సందు ముప్పై అడుగులు. అదీ ఆయనదే. నడిచే హక్కు ఒక్కటే నాది. నువ్వు ముందు చూసి నడువు."