మాస్టారి అరుగు ప్రచారం

మాస్టారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను పనిచేసే వృద్ధుల రెస్ట్ హోమ్‌లో ఒక పెద్దావిడకి ఓట్స్ జావ తినిపిస్తున్నాను. ఫోన్ చేసింది మాస్టారి అమ్మాయి. "నాన్నగారు వెళ్లిపోయారక్కా. నిద్రలోనే. టీ ఇద్దామని లేపితే లేవలేదు" అంది. ఆ అమ్మాయి నర్సు, గొంతు వణకలేదు. నేనూ గిన్నెలో మిగిలిన జావ తినిపించి, ఆవిడ మూతి తుడిచి, సూపర్‌వైజర్‌తో చెప్పి బయల్దేరాను. మా పనుల్లో ఉన్నవాళ్లకి చావు కొత్తేమీ కాదు. బస్సులో కూర్చున్నాక మాత్రం, ఇంటికి మలుపు తిరుగుతుంటే "ఏం అమ్మాయ్, గవర్నమెంటు నిలబడిందా?" అని అడిగే మనిషి ఇక లేరని తట్టి ఏడుపొచ్చింది. గవర్నమెంటంటే మా పిల్లల స్కూలుని నడిపే, పేరెంట్స్ ఓట్లేసి ఎన్నుకునే బోర్డు. అందులో నేనొక మెంబర్ని. నన్ను అందులో కూర్చోబెట్టింది మాస్టారే.

మేముండే పాపటోయిటోయి పేటలో ముందు ఇల్లు వాళ్లది, వెనక ఫ్లాట్ మాది. డ్రైవ్‌వే ఒక్కటే. మాస్టారు రిటైరయ్యేదాకా కోస్తాలో ఒక డిగ్రీ కాలేజీలో అమెరికా చరిత్ర చెప్పారు. అమెరికా మొహం మాత్రం చూడలేదు. భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. "చదివింది ఆ దేశం గురించి, తేలింది ఈ కివీల దేశంలో. టికెట్ కౌంటర్లో నా మాట సరిగ్గా వినపడలేదనుకుంటా" అనేవారు. ఎండాకాలంలో కూడా మంకీ టోపీ పెట్టుకుని, ఇంటి ముందు చెక్క డెక్ మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, లెటర్‌బాక్సులో పడేసే ఉచిత పేపర్ని లాన్‌మోవర్ ప్రకటనలతో సహా చదివేవారు. ఆ డెక్‌ని ఆయన అరుగు అనేవారు. "ఇది చెక్క కదా మాస్టారూ, అరుగెలా అవుతుంది?" అని ఒకసారి అడిగాను. "దారిన పోయేవాడు ఆగి నీతో నాలుగు మాటలు మాట్లాడగలిగితే అది అరుగే అమ్మాయ్. దేంతో కట్టారన్నది మేస్త్రీ గొడవ" అన్నారు.

ఆ డెక్ ముందు లాన్ ఉంది. అది మాస్టారి అల్లుడుగారి ప్రాణం. ఎయిర్‌పోర్ట్ దగ్గర వేర్‌హౌస్‌లో వారమంతా పనిచేసి, శనివారం వచ్చిందంటే ఆయన ఆ గడ్డి పక్కన మోకాళ్ల మీద ఉండేవారు. గేటు నుంచి మెట్ల దాకా పక్కగా సిమెంటు బాట ఉంది. అందరూ దాని మీదే నడవాలి, నేనైనా సరే.

అప్పట్లో మా స్కూల్లో, బడి అయ్యాక పిల్లల్ని ఉంచే గది ఒకటి ఉండేది. దాన్ని మూసేసి ఇంకో క్లాస్‌రూమ్ చేద్దామన్న ఆలోచన బోర్డులో నడుస్తోంది. మూసేస్తే మూడింటికి పిల్లల్ని తెచ్చుకునేవాళ్లు లేక నాబోటివాళ్లు షిఫ్టులు వదులుకోవాలి. అదే సమయంలో ఒక పేరెంట్ ఊరు మారి బోర్డులో ఒక సీటు ఖాళీ అయింది. కోపం మీద నేను నిలబడతానని పేరిచ్చేశాను. పేరిచ్చాక భయం పట్టుకుంది. నాకు పోటీ ఇక్కడే పుట్టి పెరిగిన ఒక కివీ తండ్రి, ఇళ్ల అమ్మకాల ఏజెంటు. క్లాస్‌రూమే కావాలన్నది ఆయన మాట. రోజూ పొద్దున్న స్కూలు గేటు దగ్గర నిలబడి అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చేవాడు. సాయంత్రం ఇంటింటికీ తిరిగేవాడు. మంచి నవ్వు.

"నేనెక్కడ తిరుగుతాను మాస్టారూ? మార్నింగ్ షిఫ్ట్ అయితే గేటు దగ్గర ఉండను, ఈవినింగ్ షిఫ్ట్ అయితే ఇంట్లోనే ఉండను" అన్నాను.

"తిరగొద్దు. నువ్వు తిరిగితే ఓడిపోతావు. అరుగు ఎక్కు" అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రం డెక్ మీద కమలాపండు ఒలుస్తూ నాకు పాఠం చెప్పారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా అధ్యక్ష ఎన్నిక. ఒకాయన గొప్ప వక్త. రైలెక్కి దేశమంతా తిరుగుతూ, ఆగిన ప్రతి స్టేషన్లో మాట్లాడాడు. రెండో ఆయనకి తన శక్తి ఎంతో తెలుసు. మాటల్లో ఆయనతో పోటీ పడి లాభం లేదనుకుని, ఒహాయోలో తన ఇంటి వరండాలోనే ఉండిపోయాడు. జనమే రైళ్లలో ఆయన దగ్గరికి వచ్చారు, చివరికి గెలిచిందీ ఆయనే. "వచ్చారంటే ఊరికే రాలేదులే. వెనక డబ్బున్నవాళ్లు ఉన్నారు, రైలు కంపెనీలు టికెట్లు చవగ్గా ఇచ్చాయి. అది దాచి చెప్తే చరిత్ర అవదు" అన్నారు. వచ్చిన గుంపు నాయకుడు ఏం మాట్లాడబోతున్నాడో ఆయన ముందే తెప్పించుకుని చూసుకునేవాడట. "నీకు రైళ్లు లేవు. కానీ ఈ ఒక్కటీ తీసుకో. వాళ్లు ఏం చెప్పాలని వస్తున్నారో ముందు తెలుసుకో. ఆ తర్వాతే నోరు తెరువు."

శనివారం మధ్యాహ్నం టీకి రమ్మని మా స్కూలు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాను. మన తెలుగువాళ్ల గ్రూపులో కాస్త సరదాగా, ఇంగ్లీషు అక్షరాల్లో, 'ఈ శనివారం అరుగు గురించి మాట్లాడుకుందాం, రండి' అని రాశాను. నేను కేర్ వర్కర్నని అందరికీ తెలుసు. దాంతో కరీంనగర్ కుర్రాడొకడు అదేదో జీర్ణశక్తి మీద ఉపన్యాసం అనుకుని, విజిట్ వీసా మీద వచ్చిన వాళ్లమ్మని కారులో తీసుకొచ్చాడు. ఆవిడ మెట్లెక్కి కుర్చీలో కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని, "తిన్నది అరుగుతలేదు సార్. మా పోరడు మీ దగ్గర చెప్తరని తోల్కొచ్చిండు" అంది మాస్టారితో.

నాకు నవ్వాపుకోవడం కష్టమైంది. మాస్టారు మాత్రం డాక్టర్లా తలూపారు. "ఎప్పటినుంచమ్మా?"

"వచ్చిన కాడికెల్లి. పగలంత ఒక్కదాన్నే ఉంట. మూడు గొట్టంగ మనుమన్ని బడికెల్లి తీసుకొస్త. వచ్చే నెల నా వీసా అయిపోతది. నేను బోతే పోరన్ని ఎవలు తెస్తరు? కోడలు డ్యూటీ, కొడుకు డ్యూటీ. అదే రంధి. గందుకే అరుగుతలేదు."

మాస్టారు నా వైపు చూశారు. నేను రాసుకున్న ఉపన్యాసం మడిచి జేబులో పెట్టేసుకున్నాను. అక్కడున్నవాళ్లకి ఆవిడ మాటే ఇంగ్లీషులో చెప్పాను, అంతే. ఒక ఫిజీ ఆంటీ "మా ఇంట్లోనూ ఇదే కథ" అని మొదలుపెట్టింది. ఆ తర్వాత నేను మాట్లాడాల్సిన పనే పడలేదు, టీ పోస్తూ విన్నాను. ఎవరికి ఏం కావాలో ఆ మధ్యాహ్నమే నాకు తెలిసింది. ఆవిడకి మాత్రం మాస్టారు వాము వేడినీళ్లలో వేసుకుని తాగమని చెప్పి పంపారు. ఖాళీ చేతులతో పంపడం మర్యాద కాదట.

ఎన్నిక అయ్యేదాకా ప్రతి శనివారం జనం వచ్చారు. సిమెంటు బాట ఒక్క మనిషికే సరిపోతుంది. గుంపుగా మాట్లాడుకుంటూ వచ్చేవాళ్లు లాన్‌కి అడ్డంపడి నడిచారు. చూస్తుండగానే గేటు నుంచి మెట్ల దాకా గడ్డి పోయి మట్టి చార ఒకటి తేలింది. అల్లుడుగారు కిటికీలోంచి చూసి, చెవుల్లో పాటలు పెట్టుకునేవారు. "అమెరికాలోనూ ఆ ఇంటి ముందు గడ్డి మిగల్లేదు బాబూ. కంచె కర్రలు కూడా గుర్తుగా పీక్కుపోయారు. మన కంచె ఉంది, సంతోషించు" అని మాస్టారు ఓదార్చారు. అల్లుడికి అది ఓదార్పులా అనిపించలేదు. నాతో మాత్రం, "అరుగు అంటే కూర్చునేదీ అదే, అరిగిపోయేదీ అదే అమ్మాయ్" అన్నారు.

నేను గెలిచాను, కొద్ది తేడాతో. గది ఉండిపోయింది. స్వీట్ బాక్స్ పట్టుకుని డెక్ ఎక్కితే మాస్టారు మూత తియ్యలేదు.

"ఓడినాయన ఇంటికి వెళ్లొచ్చావా?"

"ఎందుకు మాస్టారూ?"

"కాలేజీలో నేను ఏ ఏడాదీ ఆ వరండా ఆయన్ని మెచ్చుకుంటూ పాఠం చెప్పలేదు. నా ఇష్టం రైలెక్కినాయన మీద. అరుగు దగ్గరికి రాగలిగినవాళ్లే వస్తారమ్మాయ్. రాలేనివాళ్ల సంగతి తిరిగినవాడికే తెలుస్తుంది. వెళ్లి కనుక్కో."

అప్పుడు ఒళ్లు మండింది. ఓడినవాణ్ని మెచ్చుకునే మనిషి నాకు గెలిచినవాడి దారి ఎందుకు చెప్పాడో అర్థం కాలేదు. అదే అడిగాను. "నీ షిఫ్టులకి సరిపోయేది చెప్పాను. నాకు నచ్చింది చెప్తే నువ్వు ఓడిపోయేదానివి" అన్నారు.

అదే స్వీట్ బాక్స్‌తో వెళ్లాను. ఆ కివీ తండ్రి తలుపు తీసి కాసేపు తడబడ్డాడు గానీ, లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాడు. ఇంటింటికీ తిరిగినప్పుడు తను విన్నది చెప్పాడు. ఎయిర్‌పోర్ట్‌లో తెల్లారకుండానే క్లీనింగ్‌కి వెళ్లే, టాంగా దీవుల నుంచి వచ్చిన టాంగన్ కుటుంబాలున్నాయి, వాళ్ల పిల్లలు స్కూలు తెరిచేదాకా గేటు బయట చలిలో కూర్చుంటున్నారు. వాళ్లకి శనివారాలు కూడా డ్యూటీనే. మా అరుగు దగ్గరికి వాళ్లలో ఒక్కరూ రాలేదు. వాళ్లున్నారని కూడా నాకు తెలియదు. ఇప్పుడు ఆ గది పొద్దున్నే కూడా తెరుస్తున్నారు. ఆ తీర్మానం బోర్డులో పెట్టింది నేనే అయినా, నాతో కూర్చుని దాన్ని రాసింది ఆయన.

ఆ తర్వాత అల్లుడుగారు విత్తనాలు చల్లి, నీళ్లు పెట్టి, ఆ చారని మళ్లీ పచ్చగా చేసుకున్నారు. అది పూర్తిగా కలిసిపోయిన ఏడాదే మాస్టారు పోయారు.

అంత్యక్రియల రోజు, మాస్టారు వెళ్లే చర్చిలో ప్రార్థన అయ్యాక అందరూ ఇంటికి వచ్చారు. ముందురోజంతా వాన. కరీంనగర్ కుర్రాడు వచ్చాడు, ఫిజీ ఆంటీ వచ్చింది, కివీ తండ్రి నల్ల కోటు వేసుకుని వచ్చాడు. మాస్టారిని ఎప్పుడూ చూడని టాంగన్ తల్లి ఒకావిడ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఒక్కరూ సిమెంటు బాట తొక్కలేదు. గేటు దగ్గర నుంచి పాత అలవాటున లాన్‌కి అడ్డంపడి డెక్ దగ్గరికి నడిచారు. దారి తెలియనివాళ్లు వాళ్ల వెనకే నడిచారు. సాయంత్రానికి గడ్డి నలిగి, మట్టి తేలి, ఆ చార ఉన్నచోటే మళ్లీ పడింది.

మొన్న శనివారం పనికి వెళ్తూ చూశాను. అల్లుడుగారు విత్తనాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని ఆ చార పక్కన నిలబడి ఉన్నారు. పలకరిద్దామనుకుని ఆగాను. ఆయన నన్ను చూడలేదు. కాసేపటికి ప్యాకెట్ తీసుకెళ్లి గరాజ్‌లో పెట్టేసి, ఆ మట్టి మీదుగానే నడిచి వెళ్లి, మాస్టారి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు.